కోతి మూతికి అంటిన పసుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కోతి ఉండేదని చెబితే ఇప్పటి పిల్లలు ఎంత అదృష్టమో అన్నట్టు నా మొహంలోకి చూస్తారు. అదృష్టం మాట అటుంచండి, ఆ కోతిని నేను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. మా మేనత్త ఎత్తుకోనివ్వలేదు. ఆ ఉక్రోషం నాకు చాలా ఏళ్ళు పోలేదు.

సూరత్‌లో భేస్తాన్ వైపు, మగ్గాల షెడ్ల వెనక వరుసగా ఉండే గదుల్లో ఒకటి మాది. ఆ గదులన్నిటిలో మాలాగే తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ళే. నాన్న పవర్‌లూమ్ నడిపేవాడు. మేనత్త ఆయనకు అక్క. భర్త పోయాక మాతోనే ఉండేది. ఒక వానాకాలం కరెంటు తీగ తగిలి తల్లికోతి ఒకటి షెడ్డు రేకుల మీద పడి చనిపోయింది. దాని పొట్టను పట్టుకుని ఉన్న పిల్ల మాత్రం బతికింది. అందరూ చుట్టూ నిలబడి అయ్యో అయ్యో అంటుంటే, మేనత్త చేతులకు పాత గుడ్డ చుట్టుకుని దాన్ని ఇంటికి తెచ్చింది. కోతుల్ని ఇంట్లో పెంచడం చట్టానికి విరుద్ధమని ఇప్పుడు అందరికీ తెలుసు, అది మంచి చట్టమే. అప్పుడు మాకు చెప్పినవాళ్ళు లేరు.

తెచ్చిన మర్నాటి నుంచే ఆవిడ ఆంక్షలు మొదలయ్యాయి. కోతి ఉండేది వెనక వసారాలో, నడుముకు మెత్తటి పట్టీ, దానికి పొడుగాటి తాడు. దాని తిండికి వేరే పళ్ళెం, నీళ్ళకు వేరే మూకుడు, వాటిని మన గిన్నెలతో కలిపి తోమకూడదు. చేత్తో తినిపించకూడదు, పళ్ళెంలో పెట్టి వెనక్కి వచ్చేయాలి. మన ఎంగిలి పెట్టకూడదు. గీరినా కరిచినా దాచకుండా చెప్పాలి. పంపు కింద సబ్బుతో బాగా కడిగి, అప్పటికప్పుడు సూదిమందుకు ఆస్పత్రికి లాక్కుపోతుంది. వీటన్నిటికన్నా నాకు ఒళ్ళు మండించింది ఇంకొకటి. జలుబు చేసినవాళ్ళు, దగ్గేవాళ్ళు వసారాలోకే రాకూడదు. నాకేమో ఏడాదిలో సగం రోజులు ముక్కు కారుతూనే ఉండేది. కోతికి పేరు కూడా పెట్టనివ్వలేదు. పేరు పెడితే ఎత్తుకుంటారు, ఎత్తుకుంటే ముద్దులు పెడతారు అనేది. ఇదేం పెంపకమని నాలో నేను సణుక్కునేదాన్ని.

ఆ చలికాలం మా వరుసకు దగ్గూ జ్వరమూ పట్టుకున్నాయి. ముందు ఒక పసివాడికి వచ్చింది, తర్వాత వాళ్ళమ్మకు, చూస్తుండగానే గదికొకరు మంచమెక్కారు. కారణం వెతకడానికి ఎవరికీ ఎంతోసేపు పట్టలేదు. కోతి ఉంది కదా. కోతుల వల్ల ఎక్కడో ఊరు ఊరంతా జబ్బు పడిందని ఎవరో ఎవరి దగ్గరో విన్నారట, ఇక అదే మాట. అందరికన్నా గట్టిగా అన్నది ఎదురు గది పెద్దాయన. షెడ్డులో ఆయన మాటకు ఎదురుండేది కాదు. అటుకుల్లో మందు కలిపి పెడితే పీడ విరగడవుతుందని పంపు దగ్గర నలుగురి ముందూ అన్నాడు. ఆదివారం దాకా చూస్తామని, ఆలోగా కోతిని పంపేయకపోతే ఆ పని తామే చేస్తామని నాన్నకు చెప్పి వెళ్ళారు. నాన్న వాళ్ళకూ ఎదురు చెప్పలేడు, అక్కకూ చెప్పలేడు. కోతిని చంపేస్తారని నేను అన్నం ముట్టకుండా ఏడ్చాను.

మేనత్త ముందు నోటితోనే ప్రయత్నించింది. గది గదికీ వెళ్ళింది. కోతి వల్ల రోగాలు రానే రావని తాను అనడం లేదని, వస్తాయనే ఇంత జాగ్రత్త పడుతున్నానని చెప్పింది. మా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోరని, అది మనుషుల దగ్గరికి రాదని, ముందు జ్వరం వచ్చిన పసివాడు దాన్ని చూడనైనా లేదని చెప్పింది. అందరూ తల ఊపారు. ఆవిడ గుమ్మం దిగగానే మళ్ళీ కోతి మాటే. గోడకు చెప్పినా ఇంతకన్నా నయమని ఇంటికొచ్చి చాప మీద కూలబడింది. ఆ తర్వాత ఎవరితోనూ వాదించలేదు.

ఆదివారం పొద్దున ఆవిడ పసుపును నూనెలో కలుపుతూ కనిపించింది. మా వరుస మొత్తానికి ముందు పక్క ఒకటే నీళ్ళ డ్రమ్ము, దానికి గొలుసుతో కట్టిన ఒకటే స్టీలు గ్లాసు. షిఫ్టు దిగినవాళ్ళు, ఆడుకునే పిల్లలు, జ్వరంతో లేచొచ్చినవాళ్ళు, అందరూ దానికే మూతి పెట్టి తాగేవాళ్ళు. మేనత్త ఆ గ్లాసుకు అంచుతో సహా పసుపునూనె పల్చగా రాసి, చేతులు సబ్బుతో తోముకుంది. ఆ రోజు ఆ గ్లాసు ముట్టొద్దని నాకు చెప్పింది, ఎందుకో చెప్పలేదు. మగ్గాల నూనె ఇంకిన చేతుల మీద ఆ కాస్త పసుపు ఎవరి కంటా పడలేదు.

సాయంత్రం అందరికీ కబురు పంపింది. కోతిని ఎలాగూ పంపేయాలి కాబట్టి, ముందు వరుస మొత్తానికి దిష్టి తీస్తానంది. మంచి మాట చెబుతాను రమ్మంటే ఒక్కరు రారు గానీ, దిష్టి అనేసరికి దుప్పట్లు కప్పుకుని మరీ వచ్చారు. ఆడవాళ్ళ చేతులకు ఎటూ పసుపు ఉంటుందని వాళ్ళను పక్కన కూర్చోబెట్టి, మొగవాళ్ళనూ పిల్లలనూ వరుసగా నిలబెట్టింది. సున్నపు తేటలో తెల్లగుడ్డ ముంచి ఒక్కొక్కరి అరచేతులు, మూతి చుట్టూ అద్దుకుంటూ పోయింది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ప్రతి ఇంటికీ తెలుసు. అయినా అరచేతులు ఎర్రగా తేలుతుంటే దిష్టి ఎంత బలంగా ఉందోనని కొందరు దండం పెట్టారు. అప్పుడు మేనత్త గ్లాసు సంగతి చెప్పింది. ఒకరి మూతి ఒకరు చూసుకుని ముందు నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. అందరినీ వెనక వసారాకు తీసుకెళ్ళి, కొత్త గుడ్డ తేటలో ముంచి కోతి మూతికీ చేతులకూ అద్దింది. అవీ ఎర్రబడ్డాయి.

"దీని తాడు డ్రమ్ము కాడికి రాదు," అంది మేనత్త. "నేను చేతులు కడుక్కున్నంకనే దీని కాడికొచ్చిన. మరి దీని మూతికి పసుపు ఎట్ల అంటింది? ఎవరు తినిపిస్తున్రో జర చెప్పున్రి."

ఎదురు గది పెద్దాయన ఒకసారి దగ్గి, తల దించుకున్నాడు.

"పొద్దుగాల చాయ్‌ల ముంచిన బిస్కీట్ కొరికి సగం ఇస్త చెల్లె," అన్నాడు. "రోజిస్త. దాని మొకం చూస్తే పానం ఊకోదు."

"దీనికి నిన్నటి సంది దగ్గు లేసింది అన్నా," అంది మేనత్త. "మీ అందరికి వచ్చినంక లేసింది."

కోతికి మందు పెట్టమన్న మనిషే, ఒంట్లో జ్వరం పెట్టుకుని, తన నోట్లోది తీసి దానికి పెడుతున్నాడు. నాకు ఆయన్ని చూసి నవ్వాలో కొట్టాలో తెలియలేదు. సరే, ఇక అందరికీ తెలిసొచ్చింది, కోతి మన దగ్గరే ఉంటుందనుకున్నాను. అదీ జరగలేదు. నిజమే వదినా, నిజమే అక్కా అంటూనే, ఏదేమైనా దాన్ని పంపేస్తేనే మనశ్శాంతి అన్నారు. మర్నాడు పొద్దున చూస్తే గ్లాసుకు బూడిద పెట్టి శుభ్రంగా తోమారు. తోమి, మళ్ళీ దానికే మూతి పెట్టి తాగారు. కళ్ళారా చూసి కూడా మారని మనుషులను ఏం చేయాలో నాకు ఈ రోజుకీ తెలియదు. తలుచుకుంటే ఇప్పుడూ అంతే మంట.

మేనత్త మాత్రం ఆ పొద్దున్నే జంగల్ ఖాతా వాళ్ళను, అంటే అటవీ శాఖ వాళ్ళను, పిలిపించింది. గెలిచిందీ నువ్వే, పంపుతున్నదీ నువ్వేనా అని నేను కొంగు పట్టుకుని గొడవ చేశాను.

"గా మందుకు భయపడి పంపుతలేను బిడ్డా," అంది. "మందు ఇగ ఎవ్వరు పెట్టరు. బిస్కీట్ పెడ్తరు. అది ఆపుడు నాతోని కాదు."

పంజరం తెచ్చిన మనిషి దీనికి జబ్బేమైనా ఉందా అని హిందీలో అడిగాడు. దగ్గు ఉందని, అది మా దగ్గర అంటుకున్నదని, తగ్గేదాకా మనుషుల్ని దగ్గరికి రానివ్వొద్దని మేనత్త వచ్చీరాని హిందీలో చెప్పింది. అతను వింతగా చూసి పంజరం ఎత్తుకున్నాడు. కోతి బతికిందో లేదో మాకు ఎవరూ చెప్పలేదు. ఎదురు గది పెద్దాయన పోయేదాకా నన్ను అదే అడిగేవాడు.

ఇప్పుడు నాకు చిన్న జలుబు చేసినా మనవరాలిని ఒళ్ళోకి రానివ్వను. అది చేతులు చాచి ఏడుస్తుంటే ఈ గదిలో తలుపేసుకుని కూర్చుంటాను. ముసలావిడకు మమకారం తక్కువని కోడలు ఎవరితోనో అంటే విన్నాను. అననీ. మా మేనత్త ఆ కోతిని ఎంత ప్రేమించిందో నాకు ఈ తలుపు ఇవతల కూర్చున్నప్పుడే తెలుస్తుంది.