నాన్న కడగని క్యారేజీ

ఇందాక మా తమ్ముడి క్యారేజీ తోముతుంటే అడుగు గిన్నెలో మెతుకులు అతుక్కుని ఉన్నయ్. మా నాన్న క్యారేజీ గుర్తొచ్చింది.

మన ఈడోళ్లకి గుర్తుందా? లారీ ఎక్కిన మనిషి మళ్లీ గుమ్మంలోకి వచ్చేదాకా ఏ కబురూ ఉండేది కాదు. మా నాన్న పక్కలు లేని పొడుగు లారీ మీద వైజాగ్ నుంచి ఇనుము తోలేవాడు. దారిలో స్టవ్ మీద వండుకుని క్యారేజీలో సర్దుకునేవాడు. దాన్ని ఒక్కసారన్నా కడిగి తెచ్చిన పాపాన పోలా. అమ్మ తిట్లు పిడుగురాళ్ల సెంటరు దాకా వినపడేయి.

ఒక వానాకాలం ఏర్లు పొంగినయ్. నాన్న రావాల్సిన రోజు దాటి మూడు రోజులైంది. నేనూ అమ్మా నీళ్లకి పోయొచ్చేసరికి పక్కింటి మస్తానమ్మ పిన్ని నాన్న క్యారేజీ పట్టుకుని నిలబడింది.

"ఎవరో వ్యానాయన మీ అరుగు మీద పెట్టి పోయాడే. నేనొచ్చేలోపే బండి సందు దాటింది."

"మనిషి రాకుండా క్యారేజీ ఎందుకొచ్చింది?" అంటూ అమ్మ బిందె దించి క్యారేజీ లాక్కుంది. మూత తీసింది. అడుగున పప్పన్నం మెతుకులు. ఒకటి తీసి వేళ్లతో నలిపింది. ఇంకా మెత్తగానే ఉంది.

"పొద్దున తిన్నదే ఇది! బాగానే ఉన్నాడు!" అని పిన్నిని పట్టుకుని ఏడ్చేసింది.

వంతెన మీద బరువు లారీలు ఆపేశారంట. చిన్న బండ్లని వదుల్తుంటే నాన్న ఆ వ్యానాయన చేత క్యారేజీ పంపాడంట. మర్నాడు మధ్యాహ్నం నాన్న దిగాడు. అరుగు మీద క్యారేజీ చూసి, "ఏమే, ఇంకా కడగలా?" అన్నాడు.

ఆ ఒక్కరోజే అమ్మ తిట్టకుండా క్యారేజీ తీసుకుని తోమను కూర్చుంది.