కుంకుమ పడిన కంప్యూటరూ, జీవరత్నం గారూ

అనంతగిరి కాఫీ తోటల ఆఫీసులో ఒకప్పటి కంప్యూటరు మెకానిక్కు జీవరత్నం గారు గత మంగళవారం దివంగతులయ్యారు. ఆ ఉదయం నేను ఉత్తరం టైపు చేస్తూ ఉండగా జీపు డ్రైవరు గుమ్మంలో నిలబడి, "జీవరత్నం గారు పోనారు బాబూ. మూడ్రోజులు జొరం, అంతే" అన్నాడు. "అలాగా" అన్నాను. అని, ఆ ఉత్తరం పూర్తిచేసి సంతకానికి పంపాను. కన్నీరు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు. ఆ మహనీయుడి మీద ఒక నింద మిగిలి ఉంది. దాన్ని తుడవడానికే ఈ ఉద్యోగుల పత్రికలో నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన క్రైస్తవ మిషను బడిలో చదువుకున్నవారు. వైర్‌లెస్ సెట్లూ పంపు మోటార్లూ బాగుచేస్తూ కొండలెక్కి వచ్చారు. మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చినప్పుడు పదిహేను రోజుల శిక్షణకు విశాఖపట్నం పంపారు. తిరిగి వచ్చిన నాటి నుంచీ ఆ యంత్రానికి ఆయనే ధన్వంతరి. మేమంతా గుమ్మం బయట చెప్పులు విడిచి, గర్భగుడిలో అడుగుపెట్టినంత భయభక్తులతో ఆ గదిలోకి వెళ్లేవాళ్లం. ఆయన మాత్రం దాని మూత విప్పి పెయింటు బ్రష్షుతో దుమ్ము దులుపుతూ కూర్చునేవారు.

ఓ వానాకాలం పొద్దున యంత్రం అసలు వెలగలేదు. ఆఫీసరు గారు తల పట్టుకున్నారు. నేను యంత్రంతో వచ్చిన పుస్తకం ముందేసుకుని పవర్ సప్లై కాలిపోయిందని తేల్చేశాను. జీవరత్నం గారు వచ్చి బల్ల కిందకి వంగారు. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ప్లగ్గు వదులైంది. దాన్ని నొక్కి లేచి, "ముందు ప్లగ్గు సూడండి బాబూ, తరవాత తెలివి సూపించండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. అందరూ నవ్వారు మరి.

ఇంకోసారి తెర నల్లగా ఉండిపోయి, యంత్రం ఒక దీర్ఘమైన కూత, రెండు పొట్టి కూతలు కూసి మూగబోయింది. ఘాటురోడ్డు మీద కొండచరియ పడడంతో పట్నం నుంచి ఇంజనీరు రాలేకపోయాడు. జీవరత్నం గారు ఆ కూతలు చెవొగ్గి విని, తెరకు సంబంధించిన కార్డు ఊడదీశారు. దాని అంచున మెరిసే రేకుల్ని పెన్సిలు రబ్బరుతో నిదానంగా రుద్ది, మళ్లీ బిగించారు. తెర వెలిగింది. "మంచుకి కిలుం పట్టింది బాబూ. మనూరి మంచు దేన్నీ వొదల్దు" అన్నారు. అంతటి విద్య ఆయన దగ్గర అంత మామూలుగా ఉండేది.

ఇక దసరా సంగతి. అప్పుడాయన సెలవులో ఉన్నారు. ఆయుధపూజ నాడు జీపుకీ టైపు మిషన్లకీ బొట్లు పెట్టి, కంప్యూటరును వదిలేస్తే అపచారమనిపించింది నాకు. ఫ్లాపీ దూర్చే నోటి దగ్గర దట్టంగా కుంకుమ అద్ది, సాంబ్రాణి పొగ కూడా వేశాను. మర్నాడు కూలీల జాబితా ఉన్న ఫ్లాపీ పెడితే చదవలేదు. దాని నకలు పెట్టాను. అదీ చదవలేదు. బుద్ధి లేక మూడో నకలూ పెట్టాను. లోపల పడ్డ కుంకుమ ఒక్కొక్క ఫ్లాపీనీ గీకి పారేస్తోందని నాకేం తెలుసు? ముగ్గురు గుమస్తాల ఏడాది శ్రమ ఆ పూటతో నాశనమైంది.

సెలవు నుంచి వచ్చి ఆయన ఫ్లాపీలు చదివే డ్రైవు విప్పారు. స్పిరిట్‌లో ముంచిన దూదితో లోపల తుడిస్తే దూది ఎర్రబడింది.

"ఏటి సేసినారు బాబూ?" అన్నారు. చెప్పాను.

"ఒక ఫ్లాపీ సెడితే రెండోది ఎట్టకూడదు. ముందు డ్రైవు సూడాల" అని మెల్లగా అన్నారు.

నా ఉద్యోగం అప్పటికి ఖాయం కాలేదు. ఆ ఉత్తర్వులు ఆ నెలలోనే రావాలి. ఆ సంగతి ఆయనకు తెలుసు. దూది జేబులో వేసుకుని ఆఫీసరు గారి గదిలోకి నడిచారు. నేను వెనకాలే వెళ్లాను.

"తేమ సార్. సెలవుకెల్తా, గది ఎచ్చగా ఉండడానికి ఎలిగించే బల్బు ఆర్పేసి ఎల్లిపోనాను. తప్పు నాదే."

నేను నోరు విప్పలేదు. ఆయన్ను కంప్యూటరు నుంచి తప్పించి, కాఫీ పళ్ల తొక్క తీసే షెడ్డులో మోటార్ల పనికి వేశారు. నా ఉద్యోగం ఖాయమైంది. ఆ తర్వాత ఎక్కడ ఎదురుపడినా, "మిషను బావుందా బాబూ?" అని అడిగేవారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే ఎంత బాగుండేది! ఏమీ ఉండేది కాదు.

బుధవారం చర్చి వెనక ఆయన భౌతికకాయాన్ని ఖననం చేశారు. మట్టి వేసి వస్తుంటే ఆయన సతీమణి శాంతమ్మ గారు నన్ను ఆపారు.

"మా ఆయన మతిమరుపుకి మీరు రాసిందంతా పాడైపోనాది కదా బాబూ. ఆయన ఆకరి దాకా బాదపడ్డారు. మనసులో ఎట్టుకోకండి" అని చేతులు జోడించారు.

కట్టుకున్న మనిషికి కూడా ఆయన నిజం చెప్పలేదు. ఆ జోడించిన చేతుల ముందు నిలబడి నేను, "పర్లేదమ్మా" అన్నాను. ఛీ, ఆ ఒక్క మాటే వచ్చింది నా నోట.

అటువంటి సహృదయుడు మా కొండల్లో మళ్లీ దొరకడు. ఈ పత్రిక ఆఫీసరు గారి బల్ల మీదకి వెళ్తుంది. వెళ్లాలి. దీన్ని చర్చిలో మీకు చదివి వినిపించమని పాస్టరు గారిని అడిగాను, శాంతమ్మ గారూ. మీ ఆయన ఏదీ మరిచిపోలేదు. ఆ యంత్రాన్ని పాడుచేసింది నేను.