పరుపులత్తకు స్పృహ తప్పించిన విధం

పరుపులత్త పరుపు మీద పడుకోవడానికి కారణాలు రెండే. ఒకటి రాత్రి నిద్ర. రెండోది, తాను కుట్టిన పరుపులో ఉండలున్నాయేమో వెన్నుతో వెతకడం. మొదటిది లోకమంతా చేసే పనే కాబట్టి చెప్పుకోవలసిందేమీ లేదు. రెండోది వృత్తి. దూది ఏకించి, గలేబులో కూరి, పెద్ద సూదితో కుట్టడం పూర్తయ్యాక ఆవిడ దాని మీద వెల్లకిలా వాలి, అటోసారి ఇటోసారి దొర్లి, "ఎడమ భుజం కింద గుబ్బ ఉంది" అని తీర్పు చెప్పి లేచేది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. జబ్బు చేసి మంచం పట్టడమన్నది మాత్రం ఆవిడ ఎరగదు. జ్వరం వచ్చినా నిలబడే ఉండేది. కాస్త కూర్చుందామంటే చోటు దొరక్క జ్వరమే పోయేది.

అటువంటి మనిషి రోగి అవతారం ఎత్తవలసి రావడం విధి విలాసం కాక మరేమిటి?

కారణం ఆవిడ మేనకోడలు. ఆ పిల్ల తండ్రి, అంటే పరుపులత్త తమ్ముడు, పక్క ఊళ్ళో టైర్ల షాపు నడుపుతాడు. కూతురు ఆ షాపులోనే బిల్లులు రాస్తూ, పంక్చర్ పడిన ట్యూబుల మధ్య రెండేళ్ళు కూర్చుని, ఒకరోజు హఠాత్తుగా నర్సింగ్ స్కూల్లో సీటు తెచ్చుకుంది. తమ్ముడు నెత్తీ నోరూ బాదుకున్నాడు.

"అక్కా, సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి దీనికి. ఇది నర్సేమిటే?"

"కళ్ళు తిరిగేది నీకురా. టీకాకని తీసుకెళ్తే బల్ల కింద దూరావు. నిన్ను కాళ్ళు పట్టి లాగింది నేనే."

చరిత్రను ఈ విధంగా సరిదిద్దాక చర్చ ఎంతోసేపు సాగలేదు. కానీ తమ్ముడు ఒక షరతు పెట్టాడు. మొదటి పరీక్ష తప్పినవాళ్ళను ఆ స్కూలు ఎలాగూ ఉంచుకోదు. తప్పిందా, మారుమాట లేకుండా వచ్చి షాపులో కూర్చోవాలి. "తప్పదు, నేను చూసుకుంటా," అంది పరుపులత్త. ఏం చూసుకోవాలో ఆవిడకు తెలియదు. పరీక్ష అన్నది ఎలా ఉంటుందో కూడా ఆవిడ ఎన్నడూ చూసి ఎరగదు. అయినా మాటిచ్చేసింది, పిల్లను ఇంట్లో పెట్టుకుంది.

రాత పరీక్షకు మేనకోడలు భయపడలేదు. ఎముకల పేర్లు అన్నం తింటూ కూడా చదివేది. పరుపులత్త మొగుడు, అంటే మామయ్య, కంచంలోకి చూస్తూ చదివితే ఆయన కాస్త ఇబ్బంది పడేవాడు, అంతే. భయమల్లా చేతి పనికి. అందులోనూ ఒక అంశం అంటే తోటి పిల్లలందరికీ హడలే: మంచం మీద రోగి ఉండగానే, లేపకుండా, దుప్పటి మార్చడం. రోగిని పక్కకు ఒత్తిగిలించి, మాసిన దుప్పటిని వీపు దాకా చుట్టి, ఖాళీ అయిన సగంలో కొత్తది పరిచి, మూలలు మడిచి, రోగిని ఆ చుట్ట మీదుగా ఇవతలికి దొర్లించి, రెండో సగం లాగి సరిచేయాలి. ఎక్కడా ముడత ఉండకూడదు. ముడతలోంచి పుండు పుడుతుందని పుస్తకం.

"దీనికెందుకే అంత బెంగ? పరుపు నాది, మంచం నాది. రా," అని పరుపులత్త కొంగు బిగించి మంచమెక్కింది.

సాధన ఆశ్చర్యంగా సాగింది. మేనకోడలు "అత్తా, పక్కకి తిప్పుతున్నా" అనడమే ఆలస్యం, అత్త తిరిగి ఉండేది. నడుము కింద దుప్పటి పోవాలంటే నడుము ఎత్తేది. చుట్ట మీదుగా దొర్లాలంటే దొర్లడమే కాదు, వెళ్తూ వెళ్తూ ముడత కూడా సరిచేసి వెళ్ళేది. కిటికీ పక్క కుర్చీలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పేపరు చదివే మామయ్య సైతం తలెత్తి, "రైలు పట్టాలు మారినంత సులువుగా ఉందే!" అన్నాడు. ఇంటిల్లిపాదికీ పరీక్ష పాసయినంత ధీమా వచ్చింది.

ఆ ధీమా స్కూల్లో ట్యూటరమ్మ ముందు నిలవలేదు. అక్కడ తోటి పిల్లొకతె స్పృహ లేని రోగిగా పడుకుంది. ఎత్తమంటే ఎత్తలేదు, తిరగమంటే తిరగలేదు. మేనకోడలు "పక్కకి తిప్పుతున్నా" అని చెప్పి, అలవాటు ప్రకారం నిలబడి చూస్తూ ఉండిపోయింది. క్లాసంతా కూడా చూస్తూ ఉండిపోయింది.

"ఇంట్లో ఎవరి మీద ప్రాక్టీసు చేస్తున్నావమ్మా?" అని అడిగింది ట్యూటరమ్మ.

"మా అత్త మీద మేడమ్."

"ఆవిడకి జబ్బేం లేదు. డిశ్చార్జ్ చేసెయ్."

ఇంటికొచ్చి పిల్ల సంచీ విసిరేసింది. "అత్తా, నా కొంప ముంచావు! పనంతా నువ్వే చేసేస్తే నాకేం వస్తుంది?"

"సాయం చేస్తే ముంచినట్టా? బావుందే! చెయ్యకపోతే చెయ్యలేదంటారు, చేస్తే ముంచావంటారు."

"రోగి సాయం చెయ్యకూడదత్తా! పరీక్షలో రోగికి స్పృహ ఉండదు."

"స్పృహ లేనివాళ్ళతో మరి 'తిప్పుతున్నా' అని చెప్పడం దేనికే?"

"చెప్పాలి. వాళ్ళకి వినబడుతుందేమో తెలియదు కదా, అందుకని చెప్పాలి. కానీ వాళ్ళు జవాబు చెప్పకూడదు."

పరుపులత్తకు ఇది అన్యాయంగా తోచింది. పలకరిస్తే పలక్కుండా పడి ఉండడం ఆవిడ పెరిగిన ఇంట్లో పొగరు కిందికి వచ్చేది. అయినా మాటిచ్చిన మనిషి. కళ్ళు మూసుకుని పడుకుంది.

"అత్తా, దుప్పటి మారుస్తున్నా."

"ఊఁ."

"ఊఁ అనకూడదు!"

"సరే."

"సరే కూడా అనకూడదు!"

నోటి సంగతి ఎలాగో కుదిరినా ఒంటి సంగతి కుదరలేదు. పిల్ల చెయ్యి నడుము కిందికి వెళ్ళగానే ఆ నడుము తనంతట తాను లేచేది. చేతులు గుండె మీద కట్టేసి పెడితే మడమలు పనిలోకి దిగేవి. "చెయ్యి తీస్తావా, నాన్నకి ఫోన్ చెయ్యనా?" అని మేనకోడలు గదమాయించేది. ఒళ్ళు వంచడం నేర్పేవాళ్ళు ఊరినిండా ఉంటారు గానీ, వంచకుండా ఉండడం నేర్పేవాళ్ళేరీ?

ఆ స్థితిలో ఇద్దరి చూపూ ఏకకాలంలో కిటికీ వైపు తిరిగింది. కుర్చీలో మామయ్య ఉన్నాడు. రిటైరయిన నాటి నుంచీ ఆయన ఈ ఒక్క విద్యనే అభ్యసిస్తున్నాడని చెప్పాలి. ఆయన వచ్చి మంచం మీద పడుకుంటే స్పృహ ఉందా లేదా అని భార్యకే సందేహం వచ్చింది. బరువు కూడా రోగికి తగినదే. మేనకోడలు ఆనందంగా డొక్క మీద చెయ్యి వేసింది. మామయ్య కిసుక్కున నవ్వాడు.

"మామయ్యా, నవ్వకు!"

"నవ్వట్లేదే, చక్కిలిగిలి... హిహి... ఆగవే!"

స్పృహ లేనివాడికి చక్కిలిగిలి ఉండదు. మామయ్య తిరిగి కుర్చీకి బదిలీ అయ్యాడు.

పరీక్ష దగ్గర పడింది. పిల్ల ముఖం వాడిపోయింది. అవతల తమ్ముడు ఫోన్ చేసి, షాపులో కుర్చీ తుడిపించి పెట్టానని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. పరుపులత్త ఆ పూట కుట్టు కూడా మానేసి మంచం అంచున కూర్చుని ఆలోచించింది. తన జీవితంలో ఏ పనీ చెయ్యని వస్తువు ఏముంది? చాలాసేపు వెతగ్గా దొరికింది. ఎదురుగా గోడకు ఆనించి ఉన్న, పొద్దున్నే కూరిన పరుపు. దాన్ని ఎత్తితే నడుము విరుగుతుందని ఆవిడకు తెలుసు. తన వైపు లాక్కుని, ఒక అంచు పట్టి దొర్లించాలి. ఆ సమయంలో పరుపు ఏమీ చెయ్యదు. అది ఎవరికీ సాయపడదు, ఎవరినీ అడ్డుకోదు, ఊఁ అనదు.

"రావే," అని పిలిచి పడుకుంది. "నన్ను మనిషనుకోకు. గలేబులో దూది కూరి పడేశారనుకో."

పిల్ల భుజం వెనక ఒక చెయ్యి, తుంటి వెనక ఒక చెయ్యి వేసి, తన వైపు లాగింది. మొదట ఏమీ కాలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి మళ్ళీ లాగింది. పరుపులత్త లోకం మెల్లగా పక్కకు తిరిగింది. ఆవిడ తిరగలేదు. ఎవరో తిప్పారు. పసితనం దాటాక ఇలా జరగడం ఇదే మొదటిసారి కావాలి. కళ్ళు మూసుకున్న ఆవిడకు వెనక దుప్పటి చుట్టుకుంటున్న చప్పుడు, వీపు మీద గాలి, "అయిపోయింది అత్తా, ఇంకొక్కసారి" అన్న గొంతు వినిపించాయి. జవాబు చెప్పాలనిపించింది. చెప్పలేదు.

అంతా అయ్యాక ముడతలు వెతికారు. ఒకటి ఉంది. కళ్ళు తెరవవచ్చా అని పరుపులత్త కాసేపు అడగనే లేదు. ఏమయిందని మామయ్య అడిగితే, టీ పెట్టమంది. పెట్టమన్నది తనను అని గ్రహించడానికి ఆయనకు కొంత సమయం పట్టింది.

తర్వాత వరసగా పొద్దునా సాయంత్రం అదే పని. నడుము ఒకటి రెండుసార్లు పాత బుద్ధి చూపబోయింది గానీ, పిల్ల చేతులు ఇప్పుడు నడుము కంటే ముందుండేవి.

ఫలితాలు బోర్డు మీద పెట్టిన రోజున తమ్ముడు స్కూటర్ మీద వచ్చి, ఇంటి ముందు అక్క పరుపులు కుట్టే దుకాణంలో కూర్చున్నాడు. కూతురి కోసం రెండో హెల్మెట్ కూడా తెచ్చాడు. "ఊరికే, ఇటుగా వెళ్తూ," అన్నాడు. పరుపులత్త పరుపు కుట్టుకుంటోంది. సూది ఒకసారి వేలికి గుచ్చుకుంది. ఆవిడ దాన్ని లెక్కచెయ్యలేదు, తమ్ముడు ముఖం తిప్పుకున్నాడు.

మేనకోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. "పాసయ్యాను. పరీక్షలో దుప్పటే పడింది, రబ్బరు బొమ్మ మీద. ఒక్క ముడత లేదు. కానీ మార్కులు కోశారు."

"ముడత లేకపోతే కొయ్యడం దేనికే?"

"రోగితో మర్యాదగా మాట్లాడలేదని."

"ఏమన్నావు?"

పిల్ల గోడకేసి చూసింది. "చెయ్యి తీస్తావా, నాన్నకి ఫోన్ చెయ్యనా అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి, ఈ రోగి మీకేమవుతారు అని అడిగింది. అత్త అన్నాను."

పరుపులత్త సూది పక్కన పెట్టింది. "కొయ్యడమే మంచిదయింది. రేపు ఆ మంచాల మీద ఎవరెవరి అత్తలో పడుకుంటారు. వాళ్ళనిలా గదమాయిస్తావా?"

"నా పేరు ఎందుకు లాగావే మధ్యలో?" అన్నాడు తమ్ముడు. ఎవరూ పట్టించుకోకపోయేసరికి ఫోన్ తీసి, షాపుకు చేసి, బిల్లుల కుర్చీలోకి ఇంకెవరినైనా వెతకమన్నాడు. గొంతులో దిగులుందో గర్వముందో చెప్పడం కష్టం. ముక్కు చీదుతూ చెప్పాడు, నిజమే. అయితే దూది ఎగిరే చోట అందరూ చీదుతారు.