ఆగిన చోట అందుకున్న పాట

గొంతునూ, ఆ గొంతు విప్పే సమయాన్నీ తన చేతిలో ఉంచుకున్న దేవునికి స్తోత్రం. ఇన్నేళ్లుగా అలసిన చెవులతోనైనా ఇతరుల పాటలు విని బతికే కృప ఇచ్చాడు. ముందుగా ఆయనకే మహిమ.

అది 2016 వేసవి. విజయనగరంలో ఒక మందుల దుకాణం మీది అంతస్తులో మా రికార్డింగ్ స్టూడియో ఉండేది. ఏసీ మోత మైకులో పడుతుందని పాట మొదలవగానే దాన్ని ఆపేసేవాళ్ళం. ఆ ఉక్కలోనే నేను సౌండ్ ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. ఎక్కువగా క్రైస్తవ గీతాలు, అప్పుడప్పుడు జాతర పాటలు వచ్చేవి. అన్నిటికీ ఒకటే పద్ధతి. గాయకుడి చెవిలో క్లిక్ ట్రాక్, అంటే తాళం తప్పనివ్వకుండా టిక్కుటిక్కుమనే చప్పుడు పెడతాం. అతడు ఒక్కో వరుసా పాడతాడు. తప్పితే పంచ్-ఇన్, అంటే తప్పిన ముక్క వరకే మళ్ళీ పాడించి అతుకుతాం. అతికి అతికి, ఏ పాట ఎవరిదో పోల్చుకోలేనంతగా విసిగి ఉన్నాను.

అలాంటప్పుడు గోవింద్ వచ్చాడు. గజపతినగరం దగ్గర రైతు కుటుంబం వాళ్ళది. బడిలో లెక్కలు చెబుతూ గిటారు వాయించేవాడు. రైల్వేలో పనిచేసిన వాళ్ళ చిన్నాన్న ఖరగ్‌పూర్ నుంచి తెచ్చిన పాత ఇంగ్లీషు క్యాసెట్లు వింటూ పెరిగాడు. చేయాలనుకున్నది ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్. అందులో పల్లవీ చరణాల లెక్క ఉండదు. ఒకే పాట నాలుగైదు భాగాలుగా సాగుతుంది. ఏడు దెబ్బల తాళం ఉన్నట్టుండి అయిదుకు మారుతుంది. ఆర్గాను కెరటంలా లేస్తే గిటారు దాన్ని తరుముకుంటూ పోతుంది. డెబ్బైల నాటి ఆ పద్ధతిలోనే, ఈ కాలపు బరువైన గిటారు మోతతో, తెలుగు మాటలతో చేయాలని అతని పట్టుదల. వంశధార నది కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసేదాకా సాగే కథ అది.

పాడేది నూకరాజు. కళింగపట్నం మత్స్యకారుల బిడ్డ. తెప్ప మీద నుంచి ఒడ్డుకు కేక వేసి అలవాటైన గొంతు. అయితే ఆ గొంతులో కంతి పెరిగింది. విశాఖ డాక్టరు ఆపరేషన్‌కు రోజు కూడా పెట్టేశారు. ఆ తర్వాత పాత గొంతు వస్తుందని చెప్పలేమన్నారు. ఆ గొంతు ఎక్కడైనా నిలవాలంటే ఈ ఆల్బమ్‌లోనే నిలవాలి.

"ఒక్కో వరుసా పాడు నాయనా. గొంతుకి విశ్రాంతి దొరుకుతుంది. నేను అతుకుతాను" అన్నాను.

నూకరాజు నవ్వాడు. "కోసిన సేప కూరకి పనికొస్తాది మాస్టారూ. ఈదమంటే ఈదుతాదేటి?"

"మధ్యలో గొంతు పోతే?"

"పోతే పోతాది. ఎలాగూ పోయేదేగా."

"ఈడు ఇంతే మాస్టారూ" అన్నాడు గోవింద్. "పాతోళ్ళు అందరూ కలిసే వాయించీవారు. మేమూ అలాగే వాయిస్తాం. ఆ టిక్కుటిక్కు తీసీండి."

రికార్డింగ్‌కు ముందు ప్రార్థన చేయడం నా అలవాటు. వాళ్ళు హిందువులు కాబట్టి అభ్యంతరముందా అని అడిగాను. "మేం సేపల ఏటకెల్లీ ముందు మాయమ్మ గంగమ్మకి మొక్కుతాది" అన్నాడు నూకరాజు. "మీరు మీ దేవుడికి సెప్పీండి. ఎవుల్లు ముందింటే ఆల్లే సూసుకుంతారు."

చివరి పాట, నది సముద్రంలో కలిసే పాట, మొదలైంది. అద్దానికి ఇవతల హెడ్‌ఫోన్స్‌తో నేను, అవతల గోవింద్ జట్టంతా. నూకరాజు గొంతు బొంగురుగానే ఎత్తుకుని, భాగం భాగానికీ పైకి వెళ్ళింది. ఆఖరి వరుస మూడుసార్లు రావాలి. మొదటిసారి పాడాడు. రెండోసారి నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. మైకు స్టాండును రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు. నా వేలు ఆపే మీట మీదికి వెళ్ళింది.

మా చర్చి సంఘంలో ఒక అలవాటుంది. ముందు బెంచీలో పాట ఎత్తిన పెద్దామె దుఃఖం వల్లనో వయసు వల్లనో ఆగిపోతే, వెనక బెంచీ అందుకుంటుంది. ఎవరూ ఆమె వైపు తిరిగి చూడరు. పాట ఆగదు, అంతే. ఇది ఎవరూ నేర్పరు.

ముందుగా అందుకున్నది డ్రమ్స్ వాయించే కుర్రాడు. అతనికి పాడే మైకు లేదు. డ్రమ్స్ మీద వేలాడే మైకుల్లోంచి దూరంగా వినబడింది అతని గొంతు. తర్వాత గోవింద్, అపస్వరంలో. ఒక్కరూ నూకరాజు వైపు చూడలేదు. నా వేలు మీట మీదే ఉంది. నా పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు మౌనంగా ఉండమన్న రోజుల్లో నూకరాజు వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను రెండు రకాలుగా సిద్ధం చేసి ఉంచాను. ఒకదానిలో రిహార్సల్‌లో రికార్డు చేసి ఉంచిన అతని ఆఖరి వరుసలు అతికాను. గొంతు నిండుగా ఉంది, ఎక్కడా అతుకు తెలియదు. అది సగం విని హెడ్‌ఫోన్స్ తీసేశాడు. రెండోది, ఉన్నది ఉన్నట్టుగా, కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ వాళ్ళమ్మ చెవులకు పెట్టాడు.

ఆమె కాసేపు విని, "నువ్వు ఆగిపోనావు గదరా" అంది. ఇంకాసేపటికి, "ఈలెవులు? నీ జట్టోలేనా?" అంది. అతడు తలూపాడు. "మరింకేటి" అంది ఆమె. ఆల్బమ్ అలాగే బయటికి వెళ్ళింది.

నూకరాజుకు మాట తిరిగి వచ్చింది. పై స్వరాలు రాలేదు. "ఆల్లు పాడిందే నేను పాడినట్టుంతాది మాస్టారూ, ఇప్పుడింటే" అన్నాడు ఒకసారి ఫోనులో. బైబిలు కథలో, యుద్ధం సాగినంతసేపూ పైకెత్తి ఉంచాల్సిన ఒకడి చేతులు బరువెక్కితే ఇద్దరు చెరో పక్కా నిలబడి ఎత్తిపట్టిన సంగతి ఆదివారపు బడిలో నేర్చుకున్నాను. అది కళ్ళారా చూసింది మాత్రం ఆ ఉక్కలో, అద్దానికి అవతల.

నేనింకా పాటలు అతుకుతూనే ఉన్నాను. అదే నా పని. కానీ గొంతు ఆగగానే మీట నొక్కడం మానేశాను. ఒక్క క్షణం ఆగి, ఎవరైనా అందుకుంటారేమో చూస్తాను. అలసట వల్ల ఈ మధ్య నా ప్రార్థన కూడా నడుమ ఆగిపోతోంది. నూకరాజు గొంతు కోసం రోజూ మొదలుపెడతాను, ఆమేన్ దాకా వెళ్ళలేను. చదువుతున్న మీరు, వెనక బెంచీలో ఉన్నారనుకుని, నా వైపు చూడకుండా అందుకోండి.