అనసూర్య విప్పిన ముడి

అనసూర్య పుట్టింది నస్పూర్‌లో, కార్మికుల క్వార్టర్లలో. తండ్రి బాయిలో బొగ్గు ఎత్తిన మనిషి. అక్కడివాళ్లు గనిని బాయి అనే అంటారు. చివరి రోజుల్లో ఆయన దగ్గుతో మంచాన పడితే, వీపు వెనక దిండు ఏ వాలున పెడితే ఊపిరి కాస్త సులువుగా ఆడుతుందో కనిపెట్టింది ఇంట్లో ఆమె ఒక్కతే. ఆయన పోయాక నర్సు ట్రైనింగు చేసింది. పెళ్లయి గోదావరిఖనికి వచ్చింది. భర్త ఉపేందర్ ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు మీద లారీ నడుపుతాడు. ఆమె కొన్నాళ్లు ప్రైవేటు దవాఖానల్లో పనిచేసి, చివరికి రఘుపతి అనే ఆయన పెట్టిన వృద్ధుల కేంద్రంలో కుదురుకుంది.

కేంద్రమంటే బస్టాండు వెనక వీధిలో ఒక అద్దె మేడ, కింద హాలు, పైన గదులు. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి విరిగినవాళ్లు, మతి తప్పినవాళ్లు అక్కడ ఉండేవాళ్లు. ఎక్కువమంది ఒకప్పుడు బాయి పని చేసినవాళ్లో, వాళ్ల భార్యలో. పగటిపూట నర్సు అనసూర్య ఒక్కతే. వంటకూ ఊడవడానికీ ఒక ఆయా.

లింగమూర్తిని తీసుకొచ్చింది ఆయన కూతురు తిరుమల. ఆమె కాపురం గోలేటిలో. మొగుడిది బాయి పని, ఆమెది అంగన్‌వాడీ ఉద్యోగం.

"అక్కా, మా నాయినకు రిటైరైన సంగతే యాదికి లేదు. పొద్దుగాల బాయి సైరన్ ఇనవడితే చాలు, డ్యూటీకని పోతడు. ఎటు పోతడో ఆయనకే ఎరుక లేదు. ఎన్నిసార్లు దేవులాడి తెచ్చుకున్నమో" అంది తిరుమల.

లింగమూర్తి వయసు మీద పడ్డా గట్టి మనిషి. చేతుల మీది పాత గాయాల్లో బొగ్గు ఇమిడిపోయి, పచ్చబొట్టు పొడిచినట్టు నీలంగా కనబడేది. మిగతా రోజంతా నెమ్మదే. పెట్టింది తినేవాడు, చూపినచోట పడుకునేవాడు. పొద్దున మొదటి షిఫ్టు సైరన్ మోగితే మాత్రం లేచి, "నా టోపీ ఏది, లైటు ఏది" అంటూ గేటు వైపు నడిచేవాడు. గేటుకు తాళం వెయ్యడానికి లేదు. నిప్పంటుకుంటే ముసలివాళ్లు లోపలే ఇరుక్కుపోతారని, పగలు తాళం వెయ్యొద్దని అంతకుముందు తనిఖీకి వచ్చినవాళ్లు రాసిపోయారు. అదీ న్యాయమే.

మొదటి వారం అనసూర్యకు అతని వెంట పరుగెత్తడంతోనే సరిపోయింది. ఒకరోజు గేటు దగ్గర చెయ్యి పట్టుకుని, నోటికొచ్చిన మాట అనేసింది.

"కాకా, నువ్వు ముందుగాల పోతే ఎట్ల? నాకు బాయి కొత్త. తొవ్వ తెల్వదు."

లింగమూర్తి ఆగిపోయాడు. ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు.

"కొత్తగ చేరినవా బిడ్డా? అయితే నా పొంటే ఉండు. ఒంటిగ ఎటూ పోవద్దు. చీకట్ల తప్పిపోతవు. ఏదన్న బట్ట ఉంటే నీకు నాకు కట్టు."

ఆమె పాత చీర అంచు ఒకటి చింపి తెచ్చింది. ఒక కొస తన నడుముకు చుట్టుకుంది. రెండో కొస ఆయనే తన ముంజేతికి చుట్టుకుని, ముడి వెయ్యమని చెయ్యి చాపాడు.

ఆ రోజు నుంచి పొద్దున సైరన్ మోగగానే ఇద్దరూ కలిసి 'బాయిలోకి దిగేవాళ్లు'. ఆమె ఒక్కో మంచం దగ్గరికీ పోయి పుండ్లు కడుగుతుంటే, మందులిస్తుంటే, లింగమూర్తి వెనకాలే నిలబడి గిన్నె పట్టుకునేవాడు. "పైకి చూసుకుంట నడువు బిడ్డా, కప్పు దిగుతది" అని హెచ్చరించేవాడు. పని కాస్త తెమిలేసరికి సైరన్ సంగతి మరిచిపోయేవాడు. అప్పుడామె ముడి విప్పి అన్నం పెట్టేది. నెలకోసారి వచ్చే తిరుమల అది చూసి అనసూర్య రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఎండలు ముదిరే వేళ పెద్దపల్లి నుంచి తనిఖీ అధికారి వచ్చింది. ముందుగా కబురేమీ లేదు. పేరు మైత్రి, మంథని అమ్మాయి, ఉద్యోగంలో కొత్త. వంటగది చూసింది, స్నానాల గది చూసింది, మందుల అలమర చూసింది. అన్నీ బాగున్నాయని తలూపుతూ హాల్లోకి వచ్చి, చేతికి బట్ట కట్టి ఉన్న ముసలాయనను చూసి నిలబడిపోయింది.

"ఇదేంటి సిస్టర్? మనిషిని కట్టేశారా?"

పక్కనే ఉన్న రఘుపతి తడబడ్డాడు. "అట్ల కాదు మేడం, ఆయన జర..."

అనసూర్య ముడి సంగతి మొదటి నుంచీ చెప్పింది. ఆయనే కట్టమన్నాడని కూడా చెప్పింది. చెబుతుంటే తనకే అది అతకని అబద్ధంలా వినిపించింది. మైత్రి చివరిదాకా విన్నది. విసుక్కోలేదు.

"నేను మిమ్మల్ని నమ్ముతున్నా సిస్టర్. కానీ ఇక్కడ నేను దీన్ని ఒప్పుకుంటే, రేపు ఇంకోచోట మంచానికి తాడేసి కట్టి ఇదే మాట చెప్తారు. అక్కడ ముసలివాళ్లు ఏడ్చినా వినేవాళ్లు ఉండరు. నేను చూసి వచ్చాను అట్లాంటివి." రఘుపతి వైపు తిరిగింది. "ఈయనను కనిపెట్టుకుని ఉండడానికి ఇంకో మనిషిని పెట్టండి. అది మీ బాధ్యత."

"పెడ్త మేడం, తప్పకుంట పెడ్త" అన్నాడు రఘుపతి.

మైత్రి చూస్తుండగానే అనసూర్య ముడి విప్పింది. లింగమూర్తి తన ముంజేతిని తడుముకున్నాడు.

"ఎందుకు ఇప్పినవు బిడ్డా? నీకు తొవ్వ ఎరుకైందా?"

"ఎరుకైంది కాకా" అంది అనసూర్య.

"మంచిగైంది" అన్నాడాయన, పని నేర్పినవాడి తృప్తితో.

రఘుపతి మనిషి కోసం నిజంగానే వెతికాడు. ఇద్దరు వచ్చి, పని చూసి, రేపొస్తామని రాలేదు. ఆ తరువాత ఆ మాట నెమ్మదిగా వెనకబడింది. అనసూర్య ఒక కన్ను పనిమీద, ఒక కన్ను గేటుమీద పెట్టి రోజులు నెట్టుకొచ్చింది. మళ్లీ కడదామా అని మనసులో అనుకోని పొద్దు లేదు. కట్టలేదు. అధికారి చెప్పినదాన్ని దాటితే కేంద్రం మూసేస్తారేమో, వీళ్లంతా ఎక్కడికి పోతారని భయపడింది.

ఒకరోజు పొద్దున సైరన్ మోగే వేళకు ఆమె సారవ్వకు జావ తాగిస్తోంది. సారవ్వకు పక్షవాతం, మింగుడు కష్టం. ఉన్నట్టుండి పొలమారింది. ఊపిరాడక ముఖం నల్లబడింది. అనసూర్య ఆమెను పక్కకు తిప్పి, వీపు చరిచి, నోట్లోది తీసి, ఆయాను కేకేసి గొట్టంతో గొంతు శుభ్రం చేసింది. సారవ్వకు ఊపిరి తిరిగి వచ్చింది. అప్పుడు తలెత్తి చూస్తే లింగమూర్తి మంచం ఖాళీ.

ఉపేందర్‌కు ఫోన్ చేసింది. అతను తోటి డ్రైవర్లకు చెప్పాడు. రఘుపతి బండి మీద కాలనీలన్నీ తిరిగాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరికీ జాడ దొరకలేదు. చివరికి అనసూర్యకే తట్టింది, ఆయన ఇప్పుడు నడుస్తున్న బాయికి పోడని, తను పనిచేసిన బాయికే పోతాడని. ఊరి చివరనున్న ఆ బాయి మూతపడి ఏళ్లయింది. ఆటోలో పోయింది. గేటుకు అడ్డంగా గోడ కట్టేశారు. చుట్టూ సర్కారు తుమ్మ. ఆ గోడ పక్కన, నీడ లేనిచోట, లింగమూర్తి కూర్చుని ఉన్నాడు. చెప్పులు లేవు. పెదవులు పగిలిపోయాయి. ఒళ్లు నిప్పులా కాలుతోంది, చెమట చుక్క లేదు.

"గేటు తీస్తలేరు" అన్నాడు, ఆమె ఎవరో పోల్చుకోకుండానే. "లేటైనట్టున్నది. ఇయ్యాల మస్టర్ పడదు, హాజరు పోయినట్టే."

"పడ్డది కాకా. నీ మస్టర్ పడ్డది" అంటూ ఆమె కొంగు తడిపి ముఖం తుడిచింది. నీళ్లు మింగలేకపోయాడు. ఆటోవాడు, ఆమె కలిసి ఎత్తి దవాఖానకు చేర్చారు. మర్నాడు తెల్లవారాక ప్రాణం పోయింది.

తిరుమల అరవలేదు, తిట్టలేదు. శవం దగ్గర కూర్చుని, తలెత్తి అడిగింది.

"ఆ బట్ట ఉన్నన్ని దినాలు నేను నిమ్మలంగ పండుకున్న అక్కా. ఎందుకిప్పినవు?"

అనసూర్య అధికారి మాట చెప్పొచ్చు. రఘుపతి మనిషిని పెట్టలేదని చెప్పొచ్చు. సారవ్వ సంగతి చెప్పొచ్చు. ఏదీ చెప్పలేదు.

"ఇప్పకుండ ఉండాల్సిండె" అంది అంతే.

వానలు పడ్డాక మైత్రి మళ్లీ వచ్చింది. హాలంతా కలియజూసి, "ఆ పెద్దాయన ఏరీ?" అని అడిగింది. అనసూర్య చెప్పింది. మైత్రి దగ్గర్లో ఉన్న మంచం అంచున కూర్చుండిపోయింది.

"నేను చెప్పింది తప్పా సిస్టర్?"

"తప్పు కాదు మేడం. కట్టెయ్యద్దన్నరు, న్యాయమే" అంది అనసూర్య. "మనిషే దొరకలే."

మైత్రి ఆ రోజు రఘుపతితో గట్టిగా మాట్లాడింది. మనిషిని పెట్టేదాకా కొత్తవాళ్లను చేర్చుకోవద్దంది. వారం తిరక్కుండానే పూలమ్మ అనే ఆవిడ పనిలోకి వచ్చింది. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, ఎవరు లేచినా వెంట నడుస్తుంది. నమ్మకమైన మనిషి.

దీపావళికి ముందు రాయమల్లు అనే ముసలాయనను తెచ్చారు. అతనికీ మతి నిలకడ లేదు, కాళ్లు మాత్రం గట్టివి. రఘుపతి అతన్ని కింది హాల్లో అనసూర్యకు అప్పగించబోయాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"అన్నా, నడిచేటోళ్లను నాకియ్యకు. పూలమ్మ చూస్తది. మేడ మీది గదులు నేను చూస్త."

పైగదుల్లో ఉన్నవాళ్లంతా మంచం దిగలేనివాళ్లు. కడగాలి, తిప్పాలి, ఎత్తాలి. నడుము విరిగే పని. ఆమె నీళ్ల బకెట్ తీసుకుని మెట్లెక్కింది.