కంపెనీ ఫ్యానుతోనే

ఆ రోజుల్లో నల్లగొండలో కంప్యూటర్ అంటే చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళి చూడవలసిన వస్తువు. అలాంటి వస్తువుల మధ్య ఉద్యోగం చేస్తున్నానంటే నాకు కొంత గర్వం ఉండేది (గర్వానికి మా ఇంట్లో ఎప్పుడూ కరువు లేదు, కరువంతా మిగతావాటికే). మా తాత కొన్ని ఊళ్ళకు దొర. నా దాకా వచ్చేసరికి మిగిలింది మెడదాకా గుండీలున్న ఆయన నల్లకోటు, వంగడం తెలియని నా నడుము. నాకు జీతమిచ్చే యజమానిని అందరూ చాచా అనేవారు. రేడియోలు బాగుచేసే దుకాణాన్ని మెల్లగా కంప్యూటర్ శిక్షణ కేంద్రంగా మార్చిన మనిషి ఆయన.

ఆ ఎండాకాలం చాచా కొత్త బ్యాచ్ మొదలుపెట్టాలనుకున్నాడు. దానికి సారుగా నేనుండాలా, హైదరాబాదులో కోర్సు చేసి వచ్చి 'సిటీ' అనే పేరు సంపాదించుకున్న కుర్రవాడు ఉండాలా అన్నది తేలలేదు. బ్యాచ్ వస్తే నేను సారునవుతాను. రాకపోతే దొరగారి మనవడు పెళ్ళి కార్డులు టైపు చేసుకుంటూ మిగిలిపోతాడు. అందుకే నా పనితనం చూపించడానికి మూడు వందల మెగాహెర్ట్జ్ వేగంతో నడవాల్సిన కంప్యూటర్ ప్రాసెసర్‌ను నాలుగు వందల యాభైకి ఉరికించాను. మదర్‌బోర్డు మీద జంపర్ అనే గోరంత ప్లాస్టిక్ టోపీని ఒక చోట తీసి ఇంకో చోట తొడిగితే చాలు. వేగంతో పాటు వేడి కూడా పెరుగుతుంది, అంతే.

"ప్రాసెసర్ మీద పెద్ద ఫ్యాన్ పెట్టకుంటె నిలువదన్నా. జరసేపట్లనే బిగుసుకపోతది," అన్నాడు సిటీ.

"కంపెనీ ఇచ్చిన ఫ్యానుతోనే నిలుస్తది," అన్నాను.

చాచా తీర్పు చెప్పాడు. "రేపు నేను పగటి నమాజుకు పోయేటప్పుడు దాని మీద గా కారు రేసు ఆట పెట్టుండ్రి. నేను మర్లి వచ్చేదాక ఆగకుంటె బ్యాచ్ నీది, చిన్నదొరా. ఆగితె సిటీది."

మర్నాడు తాత కోటు వేసుకుని వెళ్ళాను. తెర మీద కార్లు తమంతట తామే పరుగు మొదలుపెట్టాయి. చాచా గడప దాటుతుండగా సిటీ పైకి చూశాడు.

"పైన ఫ్యాన్ తిరుగుతాంది, పక్కన కూలర్ కొడుతాంది. గిదంత కంపెనీ ఇచ్చిన గాలేనా అన్నా?"

నేను లేచి రెండూ ఆపేశాను. కిటికీలు కూడా మూశాను (అది ఎవరూ అడగలేదు). "అరువు గాలి మా ఇంట్ల అలవాటు లేదు తమ్మీ," అన్నాను.

"కోటు గుండీలన్న ఇప్పుకో. చచ్చిపోతవ్."

"నువ్వు కార్లను చూడు."

నల్లగొండ ఎండను ఎరిగినవారికి ఆ గది సంగతి చెప్పనక్కర్లేదు. కాసేపటికి సిటీ చొక్కా విప్పాడు. ఇంకాసేపటికి, "బ్యాచ్ నువ్వే తీస్కో, నాకు పానం గావాలె," అంటూ బయటికి పోయి మెట్ల మీద కూలబడ్డాడు. నేను కదల్లేదు. కార్లు మలుపులు తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత గది కూడా తిరగడం మొదలుపెట్టింది.

కళ్ళు తెరిచేసరికి నేను నేల మీద ఉన్నాను. ముఖం మీద నీళ్ళు, పైన చాచా గడ్డం.

"ఆగిందా?" అన్నాను.

"కార్లు ఉరుకుతనే ఉన్నయ్. ఆగింది నువ్వే బిడ్డా. దానికైతె కంపెనీ ఒక ఫ్యానన్న ఇచ్చింది."

మెట్ల మీద సిటీ పడీ పడీ నవ్వాడు. చాచా మాట తప్పలేదు, బ్యాచ్ నాకే ఇచ్చాడు. కానీ మిషన్ ఆపి, మూత విప్పి, జంపర్‌ను తన చేత్తోనే పాత చోట పెట్టేశాడు. "గెలిచినవ్ గద. ఇగ దాన్ని దాని నడక నడ్వనీ. పిల్లలు నేర్సుకునేది దాని మీదనే." ఎదురు మాట్లాడదామని నోరు తెరిచాను. అప్పటికే ఆయన నా చేతిలో పెట్టిన చల్లటి మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి, ఊరుకున్నాను. చెప్పిన మాట విని ఊరుకున్నవాడు మా వంశంలో నాకు ముందు ఎవరూ లేరనుకుంటాను.

ఆ పందెం గెలిచింది నేనేనని ఇప్పటికీ అంటాను. తెలివి తప్పితే ఓడినట్టని ఎవరూ షరతు పెట్టలేదు. అయినా మూసిన గదిలో తాత కోటుతో నిటారుగా కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. పక్కన చేరి, ఎవరూ చూడడం లేదులే నాయినా, లేచి ఫ్యానేసుకో అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు. వినకపోతే నాకు కొంచెం సంతోషమే.