కిటికీ పక్క సీటు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, నాకు పెళ్లయిన ఏడాదికి, జమ్మలమడుగు నుంచి పులివెందులకు బస్సులో ఒంటరిగా వెళ్తున్నాను. ఆడవాళ్ల సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆసుపత్రి దగ్గర ఒకామె పసిబిడ్డను కొంగులో చుట్టుకుని ఎక్కింది. అప్పటికే సీట్లన్నీ నిండిపోయాయి.

"అక్కా, ఆ మూల నాకిస్తావా?" అని అడిగింది.

"నాకు బస్సు పడదమ్మా, వాంతులైతాయి. బిడ్డనన్నా ఇటియ్యి, ఒళ్లో పెట్టుకుంటా" అన్నాను.

నిలబడ్డవాళ్ల బిడ్డల్ని కూర్చున్నవాళ్లు ఎత్తుకోవడం మా వైపు మర్యాద. ఆమె "వద్దులేక్కా" అంటున్నా, మొహమాటపడుతోందనుకుని చేతుల్లోంచి తీసుకున్నాను.

బిడ్డ ఒళ్లంతా చల్లబడిపోయి ఉంది. ప్రాణం లేదు.

ఆమె వంగి నా చెవిలో, "చెప్పొద్దక్కా. తెలిస్తే ఈడనే దింపేస్తారు. ఊరికెట్ల తీసకపోవాల?" అంది.

ఇంతలో కండక్టరు వచ్చాడు. "ఏంది, బిడ్డ కదల్లేదే?"

"నిద్రపోతాండాది" అన్నాను.

తిరిగిస్తే అందరి కళ్లూ పడతాయని భయపడి, పులివెందుల దాకా నేనే జోకొడుతూ కూర్చున్నాను. ఆమె కమ్మీ పట్టుకుని నా చేతుల వంకే చూస్తూ నిలబడింది.

అప్పట్నుంచి ఎవరు సీటడిగినా ఎందుకని అడక్కుండా లేస్తూ వచ్చాను. ఆ రోజే లేచి ఉంటే, ఆ తల్లి చివరిసారిగా బిడ్డను తన ఒళ్లోనే పడుకోబెట్టుకునేది.